గేరు బండా, ఆటోమేటిక్కా? మా ఇంటి లెక్క

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకొని చదవండి.

ఈ మధ్య మన గ్రూపులో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. 2025 మెగా డీఎస్సీలో టీచర్లయిన వాళ్లు, సచివాలయాల్లో, బ్యాంకుల్లో చేరినవాళ్లు అడుగుతున్నారు. "చిన్న కారు కొందామనుకుంటున్నాం. గేరు బండి తీసుకోవాలా, ఆటోమేటిక్ తీసుకోవాలా?" అని. వచ్చే జవాబులు రెండే రకాలు. "మన ఘాట్లకి గేరు బండే కరెక్టు" అనేది ఒకటి. "ఆటోమేటిక్ అంటే డ్రైవింగ్ రానోళ్లకి బ్రో" అనేది ఇంకొకటి. మొదటిదాంట్లో కొంత నిజం ఉంది. రెండోదాంట్లో పొగరు తప్ప ఏమీ లేదు. మా ఇంట్లో ఈ గొడవ నాలుగు నెలలు నడిచింది కాబట్టి, అప్పుడు తెలుసుకున్నదంతా ఒకచోట రాస్తున్నాను.

మాది పాడేరు ఏజెన్సీ. రెండెకరాల కాఫీ, సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన మిరియాలు, కింద కొంచెం పల్లం. ఇంట్లో అమ్మ, అయ్య, అక్క ఉంటారు. నేను విశాఖలో రూములో ఉండి పోటీ పరీక్షలకి చదువుతున్నాను, నెలకోసారి ఇంటికి వస్తాను. నెల జీతం వచ్చేది అక్క ఒక్కదానికే. టీచరు. బడి మా ఊరికి 17 కిలోమీటర్లు.

అక్క పల్స్ పోలియో మన కొండలకి రాకముందు పుట్టింది. ఎడమ కాలు చిన్నప్పుడే పడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించి నడుస్తుంది. అలాగే ఆశ్రమ పాఠశాలలో చదివింది, అలాగే టీచర్ ట్రైనింగ్ చేసింది. ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి బడికి వెళ్లడం అంటే ఎవరో ఒకరి మోటారు సైకిలు వెనకాల కూర్చోవడమే. ఒక రోజు అయ్య, ఒక రోజు పక్కింటి తమ్ముడు, ఒక రోజు సర్వీసు జీపు. పక్కకి రెండు చక్రాలు వేసిన స్కూటీ కూడా కొని చూశాం. వానాకాలంలో మా మట్టి రోడ్డు మీద, ఎగువల్లో అది పనికి రాలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, పైన ఉండే సెస్సు కూడా పోయింది. అప్పుడు అక్క మొదటిసారి నోరు విప్పింది. "కారు తీసుకుందాం" అంది.

ఇంట్లో అందరికీ సంతోషమే. కానీ ఆ "తీసుకుందాం" అన్న మాట ఒక్కొక్కరికి ఒక్కోలా వినబడింది. అయ్యకి, నేను సెలవుల్లో వచ్చి నడిపే బండిలా. నాకు, స్నేహితులతో అరకు వెళ్లే బండిలా. మా చిన్నాన్నకి, అవసరమైతే నాలుగు కిరాయిలు తిరిగే బండిలా. నడిపేది అక్క అని మాకెవరికీ తట్టనే లేదు. ఆ మాట అక్కే అంది, అది కూడా తరవాత.

చిన్నాన్న గురించి చెప్పాలి. ఇరవై ఏళ్లకి పైగా జీపు తోలుతున్నాడు. వడ్డాది నుంచి పాడేరు ఘాట్ రోడ్డులో ఏ మలుపులో ఏ గేరు పడాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మోదకొండమ్మ పాదాల దగ్గర ఆగి దండం పెట్టకుండా బండి ముందుకి కదపడు. ఆయన జీపుకి సెల్ఫు సరిగ్గా పని చేయదు. అందుకని ఎప్పుడూ దిగువకి మొహం పెట్టి ఆపుతాడు. పొద్దున్న బ్రేకు వదిలి, బండి జారాక రెండో గేరు వేసి క్లచ్ వదిలితే స్టార్టు. నేను బండి నేర్చుకున్నది ఆ జీపు మీదే. ఆయన తీర్పు ఒకటే మాట: "గేరు మన చేతిలో ఉంటేనే బండి మన మాట వింటాది."

ఆ మాటకి అక్క అప్పటిదాకా చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది, "మరి నా మాట వినే బండి కూడా ఒకటి ఉండాలి కదా చిన్నాన్నా."

ఎవరమూ ఏమీ మాట్లాడలేదు. గేరు బండికి మూడు పెడళ్లు. క్లచ్ ఎడమ కాలిది. గేరు బండి కొంటే అక్క జీతంతో, అక్క పేరు మీద లోనుతో వచ్చిన కారులో అక్క ఎప్పటికీ పక్క సీటే. నేను విశాఖలో ఉంటాను. అయ్యకి డ్రైవింగు రాదు. చిన్నాన్న తన జీపు మీద ఉంటాడు. అంటే నెలలో ఇరవై ఎనిమిది రోజులు కారు వాకిట్లో, తాళం మేకుకి. రాత్రిపూట అమ్మకి జ్వరం వచ్చినా పరిస్థితి అదే. మైలేజీ, ధర, ఘాటు అని మేం తెగ మాట్లాడుకుంటున్నాం గానీ, ఇంట్లో ఎవరు నడపగలరు అనే ముక్కని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఆటోమేటిక్ అంటే ఏమిటో ముందు తెలియాలి.

ఆటోమేటిక్ అని పిలిచేవన్నీ ఒకటి కాదు. టార్క్ కన్వర్టర్ రకం ఇంజను బలాన్ని నూనె ద్వారా గేర్లకి అందిస్తుంది. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు కప్పీలు, మధ్యలో ఉక్కు బెల్టు. రెండు క్లచ్‌లు ఉండే డీసీటీ ఒకటి ఉంది. ఇవి మెత్తగా నడుస్తాయి, కానీ ఖరీదు ఎక్కువ. మనం కొనే అయిదారు లక్షల కార్లలో దొరికేది ఏఎంటీ. మారుతీ వాళ్లు దీన్నే ఏజీఎస్ అంటారు. మన దేశంలో ఇది సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది 2014 ఫిబ్రవరిలో సెలెరియోతో. అంతకుముందు ఆటోమేటిక్ అంటే పెద్దోళ్ల కారే. ఆ తరవాత ఆల్టో కే10, క్విడ్, టియాగో లాంటి చిన్న కార్లలోకి కూడా వచ్చేసింది.

ఏఎంటీ లోపల ఉన్నది మామూలు గేరుబాక్సే. అదే క్లచ్ ప్లేటు, అవే అయిదు గేర్లు. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని యాక్చువేటర్ అనే పరికరం చేస్తుంది. ఎప్పుడు చెయ్యాలో ఒక చిన్న కంప్యూటరు చెబుతుంది. అంతే. ఇది అర్థమైతే దీని మంచీ చెడూ రెండూ అర్థమవుతాయి. లోపల క్లచ్ ఉంది కాబట్టి అది అరుగుతుంది. గేరు మారేటప్పుడు ఒక క్షణం బలం తెగుతుంది కాబట్టి చిన్న కుదుపు ఉంటుంది, తల ముందుకి ఊగుతుంది. గేరు మారే ముందు యాక్సిలేటర్ కొంచెం వదిలితే ఆ కుదుపు తగ్గుతుంది. వారం నడిపితే కాలికే తెలిసిపోతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఒకే కారులో గేరు బండికీ, ఏఎంటీకీ మధ్య తేడా దాదాపు యాభై వేలు. "ఆటోమేటిక్ పెట్రోలు తాగేస్తాది" అని అందరూ అంటారు. పాత రకం ఆటోమేటిక్‌ల విషయంలో అది నిజం. ఏఎంటీ విషయంలో కాదు. ఆల్టో కే10కి కంపెనీ ప్రకటించిన లెక్క చూడండి: గేరు బండికి లీటరుకి 24.39 కిలోమీటర్లు, ఏజీఎస్‌కి 24.90. కంప్యూటరు తొందరగా పై గేరు వేస్తుంది కాబట్టి కొంచెం ఎక్కువే. అయితే దీన్ని చూసి మురిసిపోకండి. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగితే ఒకదానికి 410 లీటర్లు, ఇంకోదానికి 402 లీటర్లు. ఎనిమిది లీటర్ల తేడా. లీటరు 110 అనుకున్నా తొమ్మిది వందల రూపాయలు. యాభై వేలు ఆ లెక్కన తిరిగి రావాలంటే యాభై ఏళ్లు దాటాలి. అదీ పరీక్షల్లో వచ్చే మైలేజీ. మన ఘాట్లో ఏ బండీ అంత ఇవ్వదు. కాబట్టి మైలేజీ కోసం ఆటోమేటిక్ కొనకండి, మైలేజీకి భయపడి మానేయకండి. ఆ యాభై వేలు ఎడమ కాలికి పెట్టే ఖర్చు. ఆ కాలు అవసరం లేకుండా ఎవరు నడపాలో మీ ఇంట్లో చూసుకోండి.

షోరూము సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. విశాఖలో ఒక చోటికి అక్కా నేనూ వెళ్లాం. ఆ అబ్బాయి గంటసేపు నాతోనే మాట్లాడాడు. "మీ ఏజెన్సీకి మాన్యువలే సార్, ఆటోమేటిక్ మీ ఘాటు ఎక్కదు సార్" అన్నాడు. వాడు ఘాటు ఎక్కాడో లేదో నాకు తెలియదు. చివరికి "లోను ఎవరి పేరు మీద సార్?" అని అడిగాడు. అక్క తన జీతం స్లిప్పు తీసి బల్ల మీద పెట్టింది. అప్పటి నుంచి "మేడమ్" అన్నాడు. టెస్టు డ్రైవు హైవే మీద తిప్పి తెచ్చేద్దామని చూశాడు. కుదరదన్నాం. సింహాచలం కొండ ఘాట్ రోడ్డుకి తీసుకెళ్లమన్నాం. మీరూ అలాగే అడగండి. చదును రోడ్డు మీద ఏ కారైనా బాగానే పోతుంది. ఎగువలో మధ్యలో ఆపి, మళ్లీ కదిలించి చూడండి. కారులో మనుషులు నిండా ఉండగా చూడండి.

ఆ రోజు చిన్నాన్న కూడా వచ్చాడు. ఆయన మొహంలో "సూద్దాం" అన్నట్టు ఒక నవ్వు. స్టీరింగు ఆయనకే ఇచ్చాం. మొదటి మలుపులో ఎడమ కాలు రెండుసార్లు గాలిలో తన్నింది. ఎగువ మలుపులో ఆయన యాక్సిలేటర్ వదిలాడు, బండి పై గేరు వేసుకుంది. మలుపు తిరిగి మళ్లీ తొక్కేసరికి బండి ఒక క్షణం ఆలోచించి, గేరు దించి, అప్పుడు లాగింది. "ఇదిగో, ఇదే నేను సెప్పింది" అన్నాడు చిన్నాన్న. నిజమే. కంప్యూటరుకి ముందున్న మలుపు కనబడదు. చిన్నాన్నకి కనబడుతుంది. ఘాట్లో గేరు బండి ఎక్కువ అనడానికి అసలు కారణం ఇదే.

కానీ దానికి మందు ఆ కారులోనే ఉంది. గేరు లివరు పక్కకి జరిపితే మాన్యువల్ మోడు. ముందుకో వెనక్కో నొక్కితే గేరు మనం చెప్పినట్టే ఉంటుంది. క్లచ్ మాత్రం ఉండదు. చిన్నాన్న రెండో గేరులో పెట్టి, మిగతా కొండంతా అలాగే ఎక్కించాడు. కిందకి దిగాక ఏమీ అనలేదు. లివరు మీద అరచెయ్యి వేసి ఒకసారి తడిమాడు. (కొన్ని ఏఎంటీ కార్లలో ఈ మాన్యువల్ మోడు ఉండదు, క్విడ్‌లో వచ్చినట్టు గుండ్రటి మీట ఒకటే ఉంటుంది. మన రోడ్లకి మాన్యువల్ మోడు ఉన్నదే చూసుకోండి.)

ఎక్కడం కంటే దిగడం ముఖ్యం. ఇది రెండు రకాల బండ్లకీ వర్తిస్తుంది, దయచేసి జాగ్రత్తగా చదవండి. ఆటోమేటిక్‌ని "డి"లో వదిలేసి ఘాటు దిగితే, మనం యాక్సిలేటర్ తొక్కడం లేదు కాబట్టి అది పై గేరులోనే ఉండిపోవచ్చు. అప్పుడు బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు వేడెక్కితే పట్టు తగ్గుతుంది. దిగేటప్పుడు కూడా మాన్యువల్ మోడులో రెండో గేరు వెయ్యాలి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. మన వాళ్లలో ఇంకో అలవాటు ఉంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దింపడం. కొందరు ఇంజనే ఆపేస్తారు. ఇంజను ఆపితే బ్రేకుకి సాయం పోతుంది, రెండు మూడుసార్లు తొక్కాక పెడలు రాయిలా గట్టిపడిపోతుంది. పవర్ స్టీరింగు కూడా బరువెక్కుతుంది. పోనీ పెట్రోలు మిగులుతుందా అంటే, న్యూట్రల్‌లో అదీ లేదు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలేటర్ వదిలితే పెట్రోలు చుక్క కూడా లోపలికి పోకుండా కంప్యూటరు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. అంటే గేరులో దిగితేనే ప్రాణమూ మిగులుతుంది, పెట్రోలూ మిగులుతుంది. అలాగే ఘాట్లో ఎదురెదురైతే దిగేవాళ్లు ఆగి ఎక్కేవాళ్లకి దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, రోడ్డు నిబంధన కూడా.

ఎగువలో ఆగి కదలడం ఇంకో పరీక్ష. ఏఎంటీలో బ్రేకు వదిలి యాక్సిలేటర్ తొక్కేలోపు బండి కొంచెం వెనక్కి జారవచ్చు. హిల్ హోల్డ్ అనే సౌకర్యం ఉంటే బ్రేకు వదిలాక కూడా ఒకటి రెండు సెకన్లు పట్టి ఉంచుతుంది. కొన్ని కార్లలో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. ఏ వేరియంటులో ఉందో కాగితం మీద చూసుకోండి, నోటి మాట నమ్మకండి. అది లేకపోయినా ఇబ్బంది లేదు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచండి, యాక్సిలేటర్ కొంచెం ఇవ్వండి, బండి ముందుకి లాగుతున్నట్టు తెలియగానే హ్యాండ్ బ్రేకు దించండి. చెయ్యకూడనిది ఒకటే. ఎగువలో ట్రాఫిక్‌లో యాక్సిలేటర్ తొక్కి పట్టి బండిని నిలబెట్టకండి. లోపల క్లచ్ మాడిపోతుంది. గేరు బండిలో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టేవాళ్లకీ అదే గతి. చాలా ఏఎంటీల్లో పార్కింగు గేరు అని విడిగా ఉండదు. కాబట్టి కొండ మీద ఆపితే హ్యాండ్ బ్రేకు లాగి, గేరులోనే ఉంచి ఇంజను ఆపండి. చక్రం కింద రాయి పెట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

గేరు బండి పక్షాన ఉన్న మాటలు కూడా నిజాయితీగా రాయాలి. ఒకటి రిపేరు. గేరు బండి క్లచ్ వైరు తెగినా, ప్లేటు అరిగినా మన మండలంలో మెకానిక్కే విప్పి బిగిస్తాడు. ఏఎంటీ యాక్చువేటర్ పాడైతే కంప్యూటరు పెట్టి చూసేవాడు కావాలి. మాకైతే నూరు కిలోమీటర్ల పైన విశాఖకి వెళ్లాలి. వారంటీలో ఉంటే సరే. తరవాత అయితే బిల్లు పెద్దదే. మాకు తెలిసిన ఒక మాస్టారి పాత కారు ఇలాగే నడిరోడ్డు మీద గేరు పడక ఆగిపోతే, ఇంకో బండి మీదకి ఎక్కించి దించాల్సి వచ్చింది. రెండోది బ్యాటరీ. గేరు బండి బ్యాటరీ చచ్చిపోతే నలుగురు తోస్తే స్టార్టవుతుంది. ఏఎంటీని తోసి స్టార్టు చెయ్యడం కుదరదు. చిన్నాన్న దిగువకి మొహం పెట్టి ఆపే విద్య ఇక్కడ పనికిరాదు. జంపర్ కేబుల్ ఒకటి డిక్కీలో పడేసుకోవాలి, బ్యాటరీని టైముకి మార్చుకోవాలి. మూడోది సెకండ్ హ్యాండు. పాత కారు కొనేవాళ్లు ఏఎంటీ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సర్వీసు పుస్తకం చూడండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి, ఎగువలో నడిపి, ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి గేరు ఎలా మారుతోందో గమనించండి. అనుమానం వస్తే వదిలేయండి. తక్కువ డబ్బుతో పాత కారు కొనేవాళ్లకి గేరు బండే నా సలహా.

నాలుగోది మన కుర్రాళ్ల బతుకుతెరువు. ఇది గ్రూపులో ఎవరూ మాట్లాడటం లేదు. మన లైసెన్సుల్లో మోటారు సైకిలుకి గేరున్నది, గేరు లేనిది అని రెండు తరగతులు ఉన్నాయి. కారుకి ఆ తేడా లేదు. ఆటోమేటిక్ మీద టెస్టు పాసైనా ఎల్ఎంవీ లైసెన్సే వస్తుంది. ఆ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండ్లు కూడా నడపవచ్చని, దానికి వేరే ఎండార్స్‌మెంటు అక్కర్లేదని సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న చెప్పింది. మన డిగ్రీ పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. ఉద్యోగం వచ్చేలోపు ఒక పికప్పో టాక్సీనో నడుపుకొని నిలబడవచ్చు. కానీ మన సంతల్లో తిరిగే జీపులు, పికప్పులు చూడండి, అన్నీ గేరు బండ్లే. చేతిలో కాగితం ఉండి క్లచ్ తెలియకపోతే పని ఎవరిస్తారు? కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంట్లో ఏ కారున్నా సరే, గేరు బండి మీద నేర్చుకోండి. క్లచ్ తెలిసినవాడికి ఆటోమేటిక్ ఒక్క పూటలో వస్తుంది. ఆటోమేటిక్ మాత్రమే తెలిసినవాడికి క్లచ్ ఒక్క పూటలో రాదు.

కానీ ఇదే మాట మా అక్కకి చెప్పలేను కదా. ఒక డ్రైవింగ్ స్కూలుకి వెళితే వాళ్ల దగ్గర ఉన్నవన్నీ గేరు కార్లే. "మీకు కుదరదమ్మా" అని వాకిట్లోంచే పంపేశారు. ఆవిడ కుడి కాలు బాగానే ఉంది. ఆటోమేటిక్‌లో ఉన్నవి రెండు పెడళ్లు, రెండూ కుడి కాలివే. బండిలో ఏ మార్పూ చెయ్యక్కర్లేదు. కుదరనిది ఆవిడకి కాదు, వాళ్ల దగ్గరున్న కారుకి. వైకల్యం ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట: కారు కొనకముందే రవాణా ఆఫీసుకి వెళ్లి, డాక్టరు కాగితం ఏం కావాలో, టెస్టు ఏ బండిలో ఇవ్వాలో కనుక్కోండి. ముందు అడిగితే తిరుగుడు తగ్గుతుంది.

చివరికి ఏఎంటీయే తీసుకున్నాం. యాభై వేల తేడా ఎక్కడ నుంచి వచ్చిందంటే, ఆ ఏడాది కాఫీ గింజల డబ్బులో అయ్య కొంత ఇచ్చాడు, మిగతాది అక్క లోనులో కలిపింది. మ్యూజిక్ సిస్టమ్ ఉన్న పై వేరియంటు నాకు నచ్చింది. వద్దంది.

నేర్పింది నేనూ, చిన్నాన్నా. ముందు వెనక ఎల్ బోర్డు పెట్టి, లైసెన్సు ఉన్నవాళ్లం పక్కన కూర్చొని, ఆదివారాలు బడి మైదానంలో. మొదటి వారం బ్రేకు, యాక్సిలేటర్ మాత్రమే. రెండో వారం రివర్సు. మూడో వారం మా ఊరి ఎగువ. గేరు నేర్చుకునేవాళ్లకి సగం బుర్ర క్లచ్ దగ్గరే అయిపోతుంది. అక్కకి ఆ బాధ లేదు, కళ్లు మొదటి రోజు నుంచే రోడ్డు మీద ఉన్నాయి. అందరికంటే ఓపిగ్గా నేర్పింది చిన్నాన్నే. "మలుపుకి ముందే రెండు వేసీయమ్మా, మలుపులో కాదు" అని వందసార్లు చెప్పి ఉంటాడు. ఆయన ఇరవై ఏళ్ల విద్యంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. అది గేరు లేని కారులో కూడా పనికొచ్చింది.

ఇప్పుడు అక్క బడికి తనే వెళుతుంది. వానలో కూడా. అయ్య పొద్దున్న తోటకి తొందరగా పోగలుగుతున్నాడు. మొన్న శుక్రవారం సంతకి వెళ్లి, స్నేహితురాలి ఇంటి దగ్గర ఆగి, చీకటి పడ్డాక వచ్చింది. అమ్మ "ఇంత ఆలస్యమేటి?" అంది. "ఎవరు దింపారు?" అని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న మా ఇంట్లో అడగకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

మీకు నా సలహా అడిగితే, కంపెనీ పేరుతో మొదలుపెట్టకండి. ముందు ఈ నాలుగు ప్రశ్నలు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడగండి.

ఈ కారు ఇంట్లో ఎవరెవరు నడపాలి? నడపాలని ఉండి, అడగలేక ఊరుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రోజూ తిరిగేది ఏ రోడ్డు? నెలకోసారి ఎక్కే ఘాటును చూసి కొంటున్నామా, రోజూ పోయే రోడ్డును చూసి కొంటున్నామా?

పాడైతే చూసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు?

ఆ యాభై వేలు పెడితే ఇంట్లో ఇంకేది ఆగిపోతుంది?

అందరూ క్లచ్ తొక్కగలిగి, డబ్బు బిగుతుగా ఉండి, మెకానిక్కు దూరంగా ఉంటే గేరు బండి కొనండి, సిగ్గుపడక్కర్లేదు. ఇంట్లో ఒక్కరు క్లచ్ వల్ల పక్క సీటుకే పరిమితం అవుతుంటే ఆటోమేటిక్ కొనండి, దానికీ సిగ్గుపడక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ కావచ్చు, ఆపరేషను అయిన నాన్న కావచ్చు, మా అక్క లాంటివాళ్లు కావచ్చు. "డ్రైవింగ్ రానోళ్ల బండి" అనే మాట మాత్రం మన గ్రూపులో ఇక రాయకండి. అక్క దాన్ని చదివింది. ఏమీ అనలేదు, ఫోను పక్కన పెట్టి బడికి బయలుదేరింది.

రంపచోడవరం, చింతూరు, సీతంపేట, ఉట్నూరు వైపు ఏఎంటీ నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ రోడ్ల మీద ఎలా ఉందో రాయండి. ముఖ్యంగా వారంటీ అయిపోయాక రిపేరు ఖర్చు ఎంతయిందో చెబితే కొత్తగా కొనేవాళ్లకి ఉపయోగం.

జై ఆదివాసీ.